దత్తమండలముల దుర్దశయు, పునరుద్ధరణమును

ఒక కుటుంబమునకు కష్టకాలము వచ్చినప్పుడు ముందుగా తరుగునది పెట్టెలోని రొక్కము. తరువాత నగలు పోవును. ఆ తరువాత పాడియావు పోవును. కట్టకడపట దుక్కిటెద్దులును విత్తనపు గింజలును పోవును. మొదటి మూడును పోయినను ఆ కుటుంబము మరల తలయెత్తుకొనగలదు. చివరి రెండును పోయినయెడల పొలమున్నను, చేతులున్నను, సకాలమున వాన కురిసినను, ఆ యింటివారు తమంతట తాము లేవలేరు. దేశముల సంగతియు నిట్టిదే. దేశము బీదదగుట వేఱు, పాడగుట వేఱు. ఖజానాలో ధనము లేకున్నచో అది బీదతనము. సేద్యము చేయువానియొద్ద ఎద్దులును విత్తులును లేకున్నచో అది పాడగుట.

పాడైన దేశము మరల బాగుపడుట ఎట్లు? ఈ ప్రశ్నకు జవాబును మన విద్యార్థులు యూరోపుఖండ చరిత్రమున వెదకుచుందురు. అది మంచిదే. అయితే అదే జవాబు మన పెన్నేటి యొడ్డున, మన తాతముత్తాతల పొలములలో, స్పష్టముగా వ్రాయబడియున్నదని చాలమంది యెఱుగరు. కావున ముందు యూరోపు సంగతిని క్లుప్తముగా చూచి, పిమ్మట మన సీమలోనికి వత్తము.

16వ శతాబ్దమున యూరోపు రాజ్యములలో మిక్కిలి ధనవంతమైనదని పేరుపొందినది స్పెయిను. 1545వ సంవత్సరమున దక్షిణ అమెరికాలో, నేటి బొలీవియా దేశమునందున్న పొటోసీ కొండలో, గొప్ప వెండిగని బయల్పడెను. ఏటేట ఓడల నిండ వెండి స్పెయినునకు వచ్చుచుండెను. అయినను ఆ రాజ్య ప్రభుత్వము 1557లోను, 1575లోను, 1596లోను తన అప్పులను గడువు ప్రకారము తీర్పజాలనని ప్రకటింపవలసి వచ్చెను. వెండి యుద్ధములకును వడ్డీలకును పోయెను. దేశమున ధరలు మాత్రము పెరిగెను. ఇంతలో 1609 మొదలు 1614 వఱకు మొరిస్కోలను ఇంచుమించు మూడు లక్షల ప్రజలను ప్రభుత్వమువారు దేశమునుండి వెడలగొట్టిరి. వారిలో ననేకులు వాలెన్షియా ప్రాంతమున కాలువల క్రింద సేద్యము చేయుచుండిన నేర్పరులు. వారు పోగా ఊళ్లు పాడువడెను. ఖజానాకు వచ్చు వెండి ఆ పొలములను దున్నలేదు.

పొరుగుననున్న ఫ్రాన్సు దేశము 1562 మొదలు 1598 వఱకు అంతఃకలహములలో మునిగియుండెను. నాలుగవ హెన్రీ రాజు శాంతిని నెలకొల్పిన పిమ్మట, ఆయన మంత్రియైన సల్లీ ఆర్థిక వ్యవహారములను చక్కబెట్టెను. రైతులు చెల్లింపవలసిన 'తాయి' యను పన్నులో పాతబకాయిలు రద్దుచేయబడెను. ఆ పన్నే కొంత తగ్గింపబడెను. అప్పునకుగాని పన్నునకుగాని రైతుయొక్క నాగలిని, దుక్కిపశువులను జప్తు చేయరాదని 1595లోనే రాజాజ్ఞ పుట్టెను. వంతెనలు కట్టబడెను, బాటలు బాగుచేయబడెను, 1604లో బ్రియార్ కాలువ త్రవ్వకము మొదలాయెను. ఉప్పుపన్ను వంటి బరువులు నిలిచియే యుండినను పదియేండ్లలో దేశము తేఱుకొనెను.

జర్మను దేశములలో 1618 మొదలు 1648 వఱకు జరిగిన ముప్పదియేండ్ల యుద్ధమువలన కొన్ని సీమలలో సగమునకు మించి జనము నశించిరి. అట్టి సీమలలో పాలటినేటు ఒకటి. 1649లో తన రాజ్యమునకు తిరిగివచ్చిన కార్ల్ లుడ్విగు ప్రభువు, పాడువడిన యిండ్లను కట్టుకొని బీడులను దున్నుకొనువారికి కొన్నియేండ్లు పన్ను మన్నించి, అన్యదేశీయులను సహితము పిలిపించెను. మాన్‌హైము పట్టణమునకు 1652లో ఆయన యిచ్చిన హక్కులు అట్టివే.

ఈ మూడు దృష్టాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఒక సంగతి తేటపడును. ఖజానాను నింపుకొన చూచిన రాజ్యము క్రుంగెను. నాగలిని నిలుపజూచిన రాజ్యము లేచెను. ఈ సూత్రము మన సీమలో నిజమాయెనా యని యిప్పుడు పరీక్షింతము.

కడప, బళ్లారి, అనంతపురము జిల్లాలును కర్నూలు జిల్లాలో కొంత భాగమును దత్తమండలములని పేరుపొందినవి. ఈ సీమ మొదటినుండి బీదది కాదు. 13వ శతాబ్దమున కాయస్థ నాయకులకు రాజధానియైన వల్లూరు మన పెన్నేటి చేరువనే యున్నది. 1369వ సంవత్సరమున బుక్కరాయల కుమారుడు భాస్కరరాయలు పోరుమామిళ్లయందు గొప్ప చెరువును కట్టించెను. అచ్చటి శాసనమునుబట్టి ఆ చెరువు పనిలో రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, నూరు బండ్లును పాటుపడిరి. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను ఆ శాసనము లెక్కపెట్టినది. వానిలో మొదటిది ధర్మబుద్ధిగల ప్రభువు! ఆ మాట వట్టి పొగడ్త కాదు. వాన తక్కువైన మన సీమలో చెరువే మూలధనము. కట్టినవాడు పోయినను కట్టను కాపాడువాడొకడు ఉండవలెను. కాపాడువాడు లేనప్పుడు చెరువు ఒక్కయేట తెగిపోవును, దాని క్రింది మాగాణి బీడగును.

1565లో విజయనగరము కూలిన తరువాత ఈ సీమను కాపాడు ప్రభువు కుదురుగా నుండలేదు. గండికోట 1650వ సంవత్సర ప్రాంతమున గోలకొండ సేనాని మీర్‌జుమ్లా వశమాయెను. 18వ శతాబ్దమున కడప నవాబు లేలిరి. 1757లో మరాఠీలు దండెత్తి వచ్చి కడప యొద్ద నవాబును చంపిరి. 1779లో హైదరాలీ కడపను పట్టుకొనెను. 1792లో శ్రీరంగపట్టణ సంధివలన ఈ సీమ నైజామునకు చిక్కెను. ఆయన దీని ఆదాయమును ఫ్రెంచి సేనానియైన రేమండుయొక్క దళముల జీతములకై విడిచిపెట్టెను. ఆ దినములలోనే దక్షిణాపథమంతట 1791, 1792 సంవత్సరముల ఘోరక్షామము సంభవించెను. చచ్చినవారిని పూడ్చువారు లేక పుఱ్ఱెలు నేలపై తెల్లగా కానవచ్చినందున ప్రజలు దానికి పుఱ్ఱెల కరవని పేరు పెట్టిరి. ఒక మనుష్యుని జీవితకాలములో ఇన్ని చేతులు మాఱిన పొలమును ఎవడు ప్రేమతో దున్నును?

దేశము పాడగు విధము నిచ్చట కొంచెము విచారింపవలెను. యుద్ధము ఒక్కమాఱే దేశమును చంపదు. సేన నడిచిపోయిన పొలములో ఒకయేటి పంట పోవును. ఆ యేడు రైతు ఎద్దులనమ్మి తినును. మరుసటియేడు ఎద్దులు లేనందున సగము పొలమే దున్నును. పన్ను వసూలు చేయువాడు మాత్రము పూర్తి పొలమునకే యడుగును. రైతు రాత్రికి రాత్రి పొరుగు సీమకు లేచిపోవును. అతని వంతు పన్ను మిగిలినవారిపై బడును. వారిలో మరి యిద్దఱు లేచిపోవుదురు. చెరువుకట్టపై మట్టి వేయుటకు మనుష్యులు చాలరు. వానకాలమున కట్ట తెగును. ఇట్లు ఒకదానినుండి మఱియొకటి పుట్టుచు, పదియేండ్లలో ఊరు కంపచెట్ల పాలగును. దీనికి తోడు నాడు దత్తమండలములలో ఇంచుమించు ఎనుబదిమంది పాలెగాండ్రుండిరి. వారి క్రింద ముప్పదివేల ఆయుధపాణులుండిరని అంచనా. ప్రభువు అడుగునది యొకటి, పాలెగాడు అడుగునది యొకటి, వాని బంట్రోతు అడుగునది మఱియొకటి. రైతు ఎంత చెల్లించినను చెల్లు తీరెనని చెప్పువాడు లేడు.

1799లో టిప్పుసుల్తాను మడిసెను. 1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని చేసికొనిన సంధివలన, తన రాజ్యమున నుంచిన ఇంగ్లీషు సేనయొక్క వ్యయమునకు బదులుగా, నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీవారికి దత్తము చేసెను. దత్తమండలములను పేరు దానినుండి వచ్చినదే. కంపెనీవారు థామస్ మన్రో దొరను ముఖ్య కలెక్టరుగా నియమించి, ఆయన క్రింద నలుగురు ఉపకలెక్టర్ల నుంచిరి. మన్రో 1761లో గ్లాస్గో పట్టణమున జన్మించి, 1780లో చెన్నపట్టణమునకు సైనికోద్యోగియై వచ్చినవాడు. బారామహలులో అలెగ్జాండరు రీడు దొర యొద్ద శిస్తుపని నేర్చినవాడు. ఆయన దత్తమండలములలో ఏడేండ్లుండెను. ఆ కాలమున పెక్కుదినములు డేరాలలోనే కాపురముండి, ఊరూర తిరుగుచు, రెడ్డిని, కరణమును, కాపులను ఎదుట కూర్చుండబెట్టుకొని జమాబందీ చేయుచుండెను.

ఆయన చేసిన పనులను నాలుగుగా చెప్పవచ్చును. మొదటిది, అడుగువాడు ఒక్కడే కావలెనని పాలెగాండ్ర సేనలను అణచివేయుట. ఈ పని జనరల్ డూగాల్డు క్యాంబెలు సేనలు చేసెను. రెండవది, పొలమును కొలుచుట. 1802లో మొదలైన ఆ కొలత ముప్పదిమూడడుగుల గొలుసుతో జరిగెను. ముప్పదిమూడడుగుల చదరము ఒక గుంట. నలువది గుంటలు ఒక యెకరము. విద్యార్థులు లెక్కకట్టి చూచినయెడల, గుంటకు 1,089 చదరపు అడుగులు, ఎకరమునకు 43,560 చదరపు అడుగులు సరిగా వచ్చును.  మూడవది, గ్రామమును గుత్తదారునకు కట్టబెట్టక, ఒక్కొక్క రైతునకు ఒక్కొక్క పట్టా నిచ్చి, చెల్లింపవలసిన మొత్తమును అతనికే తెలుపుట. దీనినే రైతువారీ పద్ధతి యందుము. నాలుగవది, ఎద్దులకును విత్తులకును తకావి అప్పు లిచ్చుట, చెరువులను బాగుచేయించుట.

ఈ నాలుగవ పనికి వెంటనే పరీక్ష వచ్చెను. 1803లో వానలు తప్పెను. మరుసటియేడు అతివృష్టి కురిసి వందలకొలది చెరువులు తెగెను. పూర్వమువలె నుండినయెడల ఈ రెండేండ్లకే సీమ మరల పాడువడవలసినది. అట్లు కాలేదు. తెగిన కట్టలు మరల వేయబడెను. లేచిపోయిన రైతులు తిరిగి వచ్చుచుండిరి. ఏడేండ్ల చివర చూచుకొనగా, ఇంచుమించు 10 లక్షల స్టారువరహాలుండిన భూమిశిస్తు 15 లక్షలకు పెరిగెను.

ఇంతవఱకు చదివినవారు కథ సుఖాంతమని తలపవచ్చును. కాని యిక్కడనే అసలు పాఠము మొదలగుచున్నది. శిస్తు పెరిగినంత మాత్రమున సీమ బాగుపడినట్లా? ఖజానా నిండినది సరే. నాగలి సంగతి యేమి?

మన్రో పద్ధతిలోను ముండ్లుండెను. ఒక రైతు కిస్తు చెల్లింపజాలనప్పుడు, ఆ లోటును గ్రామములోని తక్కిన రైతులపై, వారి వారి శిస్తులో నూటికి పదివంతులకు మించకుండ, వేయవచ్చునను నిబంధన యుండెను. అనగా కష్టపడి చెల్లించినవాడు పొరుగువాని కొఱకు మరల చెల్లింపవలెను. అంతకంటె ముఖ్యమైనది శిస్తుయొక్క పరిమాణము. అది పంటలో ఇంచుమించు నూటికి 45 వంతులుండెను. ఈ సంగతిని బయటపెట్టినవాడు మఱియొకడు కాదు, ఆ శిస్తును వేసిన మన్రోయే! 1807వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని ఆయన పై అధికారులకు వ్రాసిన లేఖలో, పొలముల శిస్తును నాల్గవవంతు తగ్గింపవలెననియు, బావులక్రిందను చెరువులక్రిందను గల తోటలకు మూడవవంతు తగ్గింపవలెననియు సూచించెను. రైతు యేడాది చివర తనకు వలదనుకొనిన పొలమును విడుచుటకును, కావలెననుకొనిన పొలమును పట్టుటకును స్వేచ్ఛ యుండవలెననియు కోరెను. పంటలో మూడవవంతునకు మించి తీసికొనినంతకాలము పొలమునకు విలువ యేర్పడదనియు, విలువలేని పొలమును ఎవడును బాగుచేసికొనడనియు ఆయన యభిప్రాయము.

ఈ లెక్కను కొంచెము విడమరచి చూతము. నూరు పుట్లు పండెననుకొనుడు. నలువదియైదు శిస్తునకు పోగా ఏబదియైదు మిగులును. దానిలో విత్తనము, పశువుల మేత, కూలి, యింటి తిండి వెళ్లవలెను. మంచియేడు అవి వెళ్లును, చెడ్డయేడు వెళ్లవు. శిస్తులో నాల్గవవంతు తగ్గినయెడల పోవునది ముప్పదిమూడేముక్కాలు, మిగులునది అఱువదియాఱుంబాతిక. వ్యత్యాసము పదునొకటింబాతిక పుట్లు. ఖజానాయందు అది చిన్న యంకె. రైతునింట అదియే ఒక కొత్త యెద్దు, ఒక కపిలబావి, పాతరలో ఒక చెడ్డయేటికి సరిపడు జొన్నలు. పదునొకటింబాతిక వంతులు కరవునకును కాపురమునకును నడుమ కట్టిన కట్ట యని చెప్పవచ్చును.

కాని పైవారు ఆ సూచన నంగీకరింపలేదు. యుద్ధవ్యయములతో సతమతమగుచుండిన కంపెనీవారికి రాబడి తగ్గించుట రుచింపలేదు. మన్రో 1807లోనే స్వదేశమునకు వెడలిపోయెను. ఆయన స్థాపించిన రైతువారీ పద్ధతిని సహితము మాన్పి, గ్రామములను గుత్త కిచ్చిరి. మొదట 1808 మొదలు మూడేండ్ల గుత్త, తరువాత 1811 మొదలు పదియేండ్ల గుత్త. పూర్వపు అధిక వసూళ్లను ఆధారముగా చేసికొని గుత్తమొత్తములు నిర్ణయింపబడెను. ఏమి జరిగెను? తమ యూళ్లను గుత్తకు పట్టిన పెద్దరెడ్లలో పలువురు ఆస్తులు పోగొట్టుకొనిరి. బాకీలకై చెఱసాలకు పోయినవారును గలరు. గుత్తదారు రైతును పిండెను. గుత్తదారును కంపెనీ పిండెను. పదియేండ్లు ముగియునప్పటికి అనేక గ్రామములు మునుపటికంటె హీనదశలో ప్రభుత్వము చేతికి తిరిగివచ్చెను.

ఫ్రాన్సు దేశమునను ఇట్లే జరిగినదని విద్యార్థులు గమనింతురు గాక. సల్లీ తగ్గించిన 'తాయి' పన్నును, 1630 తరువాత రిషెల్యూ మంత్రి యుద్ధముల నిమిత్తమై మరల అనేకమడుగులు పెంచెను. 1637లోను, 1639లోను అచ్చటి రైతులు తిరుగబడిరి. పాడైన దేశము లేచుటకు పది యిరువదియేండ్లు పట్టును. లేచుచున్న దేశమును మరల పడగొట్టుటకు రెండు మూడేండ్లు చాలును. 'ఎద్దేడ్చిన సేద్యము, రైతేడ్చిన రాజ్యము బాగుపడవు' అని మన పెద్దలు చెప్పిన సామెత పెన్నేటికిని సేన్ నదికిని సమానమే.

1820లో మన్రో చెన్నపట్టణపు గవర్నరై తిరిగివచ్చెను. పదుమూడేండ్ల క్రిందట కలెక్టరుగా కోరి పొందలేని తగ్గింపును ఆయన గవర్నరుగా జరిపించెను. రైతువారీ పద్ధతి మరల నెలకొల్పబడెను. దత్తమండలముల ప్రజలు ఆయనను మఱచిపోలేదు. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీని, ఈ సీమను కడసారి చూడవచ్చిన ప్రయాణములో, కర్నూలు జిల్లా పత్తికొండయొద్ద కలరా జాడ్యముచేత ఆయన మృతినొందెను. వేంపల్లె చేరువ, పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చు గండియొద్ద, ఆకాశమున బంగారు తోరణము ఆయన కన్నులకు కనబడెననియు, అది కనబడినవారు ఎంతోకాలము బ్రతుకరని కూడనున్నవారు దుఃఖించిరనియు మన పులివెందుల ప్రాంతమున నొక కథ గలదు. కథలోని తోరణము సంగతి యెట్లున్నను, పన్ను వసూలు చేసిన అధికారి మరణమును ప్రజలు కథగా చెప్పుకొనుట అరుదైన విషయము.

అయినను సత్యము చెప్పవలెనన్న, ఈ పునరుద్ధరణము అందఱికిని సమానముగా అందలేదు. పాలెగాండ్ర సేనలు చెదరగొట్టబడినప్పుడు ఆ బంట్లకు బ్రతుకుతెఱువు పోయెను. ఊరి కావలిపనికై మాన్యములనుభవించు కట్టుబడివారి భూములును క్రమముగా ప్రభుత్వము లాగికొనెను. ఈ యసంతృప్తి నలువదియేండ్లు నివురుగప్పిన నిప్పువలె నుండి, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాయకత్వమున మండెను. పూర్వపు పాలెగాండ్ర వంశమునకు రావలసిన భరణము విషయమున కలిగిన ఆగ్రహము ఆయనది. ఆయనను వెంబడించినవారిలో మాన్యములు పోగొట్టుకొనిన కట్టుబడివా రనేకులు. 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీని ప్రభుత్వమువారు ఆయనను కోయిలకుంట్లయొద్ద ఉరితీసిరి. ఒక వర్గమును లేవనెత్తునప్పుడు దానివలన నేలబడువారిని మఱచిపోయిన ప్రభుత్వము, ఆ మఱపునకు వెల చెల్లించును. స్పెయిను మొరిస్కోల విషయమున చేసిన తప్పును దీనితో పోల్చి చూడవచ్చును.

మఱియొక చిక్కును చెప్పి ముగింతును. తగ్గిన శిస్తు కూడ రూకలలో నిర్ణయింపబడినది, గింజలలో కాదు. 1820 తరువాత ఇంచుమించు ముప్పదియేండ్లు చెన్నరాజధాని అంతటను ధాన్యపు ధరలు పడిపోయెను. దృష్టాంతమునకు, ఒక రైతు శిస్తు ఆఱు రూపాయలనుకొనుడు. జొన్నలు రూపాయకు ఇరువది సేర్ల వంతున అమ్మినప్పుడు, శిస్తునకై నూటయిరువది సేర్లు అమ్మవలెను. ధర పడిపోయి రూపాయకు ముప్పది సేర్లైనప్పుడు, అదే శిస్తునకు నూటయెనుబది సేర్లు పోవును. శిస్తు దమ్మిడీయైన పెరుగలేదు. పాతరలోని గింజలు మాత్రము అఱువది సేర్లు తగ్గెను. 16వ శతాబ్దపు యూరోపులో దీనికి విరుద్ధముగా జరిగెను. అక్కడ ధరలు పెరుగుటవలన, పూర్వమే రూకలలో నిర్ణయమైన కవులు చెల్లించు రైతులు కొన్ని ప్రాంతములలో లాభపడిరి. మన రైతు ధరలు పడుటచేత నష్టపడెను. కావున పన్ను ఎంత యని మాత్రమే గాక, దానిని చెల్లించుటకు ఎన్ని గింజలు అమ్మవలెనని కూడ అడుగవలెను. 1850 తరువాత ధరలు మరల పెరిగి, శిస్తులు మరికొంత సవరింపబడి, 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తికి గిరాకి కలిగినప్పుడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి పొలములకు మరల మంచిదినములు వచ్చెను.

అయితే ఆ మంచిదినములకును హద్దుండెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమువలన, 1871 జనాభాతో పోల్చగా 1881 నాటికి కడపజిల్లా జనసంఖ్య రెండు లక్షలకు పైగా తగ్గెను. ప్రత్తి ధర రైతుచేతికి రూపాయల నిచ్చెనుగాని, వాన లేని వరుస సంవత్సరములకు కావలసిన నీటిని ఈయలేకపోయెను. మన సీమలో ఏ పునరుద్ధరణమైనను చెరువుతోనో కాలువతోనో ముడిపడనిదే నిలువదని ఆ క్షామము చూపెను. పోరుమామిళ్ల శాసనకర్త 1369లోనే యెఱిగిన సంగతి యిది.

నేటి రైతునకు భూమిశిస్తు నాటివలె బరువు కాదు. రాజ్యములు మాఱెను, కంపెనీ పోయెను, పాలెగాండ్రు పోయిరి. కాని మొదట చెప్పిన కుటుంబపు లెక్క మాఱలేదు. ఎద్దునకు బదులు ట్రాక్టరు కిరాయి, కపిలబావికి బదులు బోరుబావి, శిస్తునకు బదులు అప్పు వచ్చినవి. చెడ్డయేటికి ఓర్చుకొనుటకు ఆ యింట ఏమి మిగిలియున్నదను ప్రశ్న మాత్రము 1807లో మన్రో వేసినట్లే యున్నది.

విద్యార్థులారా! చరిత్రపుస్తకములో ఏదేని యొక రాజ్యము గొప్పగా వర్ధిల్లెనని చదివినప్పుడు, ఆ రాజ్యపు ఖజానాలో ఎంత యుండెనని మాత్రము చూచి పేజీ త్రిప్పకుడు. ఆ యేడు అచ్చటి రైతు విత్తనమును దాచుకొనగలిగెనా, ఎద్దులను నిలుపుకొనగలిగెనా, చెరువుకట్టపై మట్టి పడెనా యని మూడు ప్రశ్నలు వేయుడు. ఈ మూడింటికిని అవునను జవాబు వచ్చిన రాజ్యము, ఖజానా వెలితియై యున్నను, లేచుచున్నదని తెలిసికొనవచ్చును. సెలవుదినములలో ఇంటికి పోయినప్పుడు, మీ యూరి చెరువును ఎవరు కట్టిరో, ఎన్నడు తెగెనో, ఎవరు మరల వేసిరో పెద్దలనడిగి వ్రాసికొనుడు. మన సీమ ఎన్నిమార్లు పడెనో, ఎన్నిమార్లు లేచెనో, అందులో సగము చరిత్ర ఆ కట్టమీదనే దొరకును.